మేడమీది చెల్లికి

ఇంటి నుంచి,
ఆగస్టు 9

చెల్లికి అక్క ఆశీస్సులు.

కవరు మీద నా చేతిరాత చూసి ఇంట్లో ఎవరికో ఏదో అయిందని కంగారుపడి ఉంటావు. ఏమీ కాలేదు. ముందు ఈ మాట చదివి, మంచినీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ నువ్వు మేడమీద, నేను కింద. ఏదైనా చెప్పాలంటే మెట్ల దగ్గర నిలబడి పిలిస్తే సరిపోయేది. హైస్కూలు పరీక్షల తర్వాత నేను కలం పట్టి పేజీలు రాయడం ఇదే. పట్టక తప్పలేదు. మీ పరిశోధన కేంద్రంలో సెల్‌ఫోను పలకదు. ఆఫీసు గదిలో ఉన్న ఒక్క ఫోను దగ్గర నీ వెనక మనుషులు కాచుకుని ఉంటారు. ఇక్కడేమో మరిది ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచుతాడు. అత్తయ్య దానికి ఎదురుగా కుర్చీ వేసుకుంటారు. మొన్న నువ్వు "అక్కా, ఎలా ఉన్నారు?" అంటే నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "దానికేం, నిక్షేపంగా ఉంది. నీ మొగుడే చిక్కి సగమయ్యాడు" అన్నారు. మరిది చిక్కలేదు. మందుల షాపుకి వేసుకెళ్ళే చొక్కా బిగుతైతే నిన్న నేనే గుండీలు జరిపి కుట్టాను. ఇలాంటివి స్పీకర్లో చెప్పలేను కదా.

పిచ్చుక సంగతి రాద్దామనే అసలు ఈ ఉత్తరం. తొమ్మిదేళ్ళ కూతుర్ని వదిలి వెళ్తున్నానన్న బాధ రైలెక్కేటప్పుడు నీ ముఖంలో చూశాను. ఆ దిగులు పెట్టుకోకు. అది చాలా బాగుంది. నా పక్కనే పడుకుంటోంది. నీ కోసం అడగడం లేదు, పేచీ పెట్టడం లేదు. ఇదివరకు ఏరి కంచం పక్కన పెట్టే వంకాయ ముక్కలు కూడా తినేస్తోంది. ఇంత తేలిగ్గా ఉంటుందని నేనూ అనుకోలేదు.

మీ బావగారు పోస్టాఫీసు మనిషే అయినా ఈ కవరు డబ్బిచ్చి కొన్నారు. ఆ సంగతి నీకు రాయమని మరీ చెప్పారు. "మెట్లెక్కి చెప్పే కబుర్లకి తపాలా బిళ్ళలు అంటించే రోజులు వచ్చాయా మీ తోటికోడళ్ళకి" అని నవ్వారు. అత్తయ్య మాత్రం, "సాలీళ్ళని చూడ్డానికి అంత దూరం పోవాలా, మన బాత్రూములో లేవా?" అని పాలబ్బాయిని కూడా అడుగుతున్నారు.

ఉదయం దీపం పెట్టాక ముందు నీ పేరే చెప్పుకుంటున్నాను. నీ పని చక్కగా సాగాలి. మిగతాదంతా నాకు వదిలెయ్యి.

మెట్ల కింద నుంచి,
అక్క

పరిశోధన కేంద్రం అతిథిగృహం,
ఆగస్టు 17

అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసు బల్లమీద చూసి నిజంగానే కంగారుపడ్డాను. మీరు చెప్పినట్టే మంచినీళ్ళు తాగి చదివాను.

నా గది గురించి చెప్తాను. ఇనుప మంచం, ఒక బల్ల, రెండు కిటికీలు. బల్ల కాలు ఒకటి పొట్టి, దాని కింద అట్టముక్క మడిచి పెట్టారు. నాకు ముందు ఎందరు ఇక్కడ కూర్చుని రాశారో, అట్ట అరిగి కాగితంలా అయిపోయింది. కిటికీ అవతల తోట. తోటలో కర్ర చట్రాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటిలో సాలీళ్ళు గూళ్ళు కడతాయి. ఏదో ఒక ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సాలీళ్ళు గూడు ఎలా కడుతున్నాయో చూసి రాయడం నా పని. తెల్లవారకముందే వెళ్ళి స్టూలు మీద కూర్చుంటాను.

ఈ పది వారాల ఫెలోషిప్‌కి వచ్చినవాళ్ళలో నేనే పెద్దదాన్ని. మిగతావాళ్ళు నా విద్యార్థినుల ఈడువాళ్ళు. మొదటిరోజు భోజనాల దగ్గర ఒక కుర్రాడు లేచి కుర్చీ ఇచ్చి, "మీరు ఎవరి అమ్మగారండీ?" అని మర్యాదగా అడిగాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పడమే తప్ప పరిశోధన ముట్టుకుని ఎన్నేళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది.

మాకు దారి చూపించే ప్రొఫెసరమ్మని ఇక్కడ అందరూ పెద్ద మేడమ్ అంటారు. డెబ్బై దాటిన మనిషి. చేతికర్ర ఉంది కానీ దాన్ని నడవడానికి కంటే తప్పులు చూపించడానికే ఎక్కువ వాడుతుంది. నేను మొదటి పేజీలో "సాలీడు భయపడి మూలకి పారిపోయింది" అని రాశాను. దానిమీద కర్ర ఆనించి, "భయపడిందని నీతో చెప్పిందా?" అంది. లేదన్నాను. "మరి రాయకు. మూలకి వెళ్ళింది. అంతే. చూసింది రాయమ్మా, అనుకున్నది నీ దగ్గరే ఉంచుకో." ఆ పేజీ మూడోసారికి గానీ పూర్తికాలేదు.

ఇక్కడ నన్ను ఎవరూ పిలవరు. మధ్యాహ్నం వేళ గదిలో నా కలం చప్పుడు నాకే వినిపిస్తుంది. పెళ్ళయ్యాక ఇంత నిశ్శబ్దం ఎరగను.

పిచ్చుక నన్ను అడగడం లేదని రాశారు. సంతోషం. ఫోనులో మాత్రం "బాగున్నానమ్మా" అని ఒక్క ముక్క చెప్పి మీకు ఇచ్చేస్తోంది. ఆటల ధ్యాసలో ఉందేమో.

అత్తయ్యగారికి, బావగారికి నమస్కారాలు.

మీ
చెల్లి

ఇంటి నుంచి,
ఆగస్టు 24

చెల్లికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నీకు అక్కడ అంత ప్రశాంతంగా ఉందని తెలిసి మనసు కుదుటపడింది. నిజమే, ఇక్కడ ఒకరు పిలిచే లోపు ఇంకొకరు పిలుస్తారు. నీకు ఇన్నాళ్ళూ ఊపిరి తిరగనివ్వలేదు మేము.

అందుకే నువ్వు ఇటు సంగతి పూర్తిగా మరిచిపోయేలా ఏర్పాట్లు చేశాను. పిచ్చుక ఒక్కతీ మేడ ఎక్కి దిగుతుంటే నాకు గాభరాగా ఉందని దాని మంచం, పుస్తకాల బల్ల కిందికి తెప్పించాను. మీ బావగారు, మరిది మోసుకొచ్చారు. మెట్ల మలుపులో మంచం ఇరుక్కుంది. "అన్నయ్యా, నువ్వు వెనక్కి" అని మరిది, "నువ్వు పైకెత్తరా ముందు" అని మీ బావగారు, ఇద్దరూ అక్కడే కాసేపు వాదించుకున్నారు. అత్తయ్య కింద నుంచి, "పెళ్ళాం తిరిగొచ్చేలోగా అయినా ఆ మంచం దింపండి, లేకపోతే అది వచ్చి చూసేసరికి మీరూ అక్కడే ఇరుక్కుని ఉంటారు" అన్నారు.

గురువారం బడిలో తల్లిదండ్రుల్ని పిలిచారు. మరిదికి షాపు వదిలి రావడం కుదరలేదు, నేనే వెళ్ళాను. టీచరు చిన్నపిల్ల, కొత్తగా వచ్చింది. నన్ను చూసి, "మీ అమ్మాయి లెక్కల్లో చాలా చురుకండీ. మీ పోలికే, నెమ్మది కూడా" అంది. వెనక చాలామంది నిలబడి ఉన్నారని నేను సరిదిద్దలేదు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే మీ బావగారు, "పోలిక కూడా కనిపెట్టిందా" అని ఒకటే నవ్వు.

నీ లోటు ఎవరికీ తెలియనివ్వడం లేదు. నువ్వు రావాలని తొందరపడకు. ఇంకో రెండు నెలలు పొడిగిస్తామని వాళ్ళంటే సరేనను. ఇక్కడ నేనున్నాను.

దేవుడి దయ నీ మీద ఉండాలి.

అక్క

పరిశోధన కేంద్రం అతిథిగృహం,
ఆగస్టు 31

అక్కకి,

ఉత్తరం అందింది. పిచ్చుకని ఇంత బాగా చూసుకుంటున్నందుకు కృతజ్ఞతలు.

నేను వచ్చే పదిహేనో తేదీకల్లా వచ్చేస్తున్నాను. మిగతా వారాలు ఉండను. పెద్ద మేడమ్‌తో సోమవారం చెప్తాను. ఆవిడ ఎలాగూ ఆశ్చర్యపోదు. ఇక్కడివాళ్ళు ఒక్కరోజులో రాసేది నాకు వారం పడుతోంది. ఇక్కడ నేను లేకపోయినా పని జరుగుతుంది. అక్కడా జరుగుతోందని మీరే రాశారు.

దాని మంచం దింపేముందు నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. టీచరుకి ఒక్కమాట చెప్పి ఉండాల్సింది. మీకు

పై వాక్యం మొదలుపెట్టి కొట్టేశాను. దయచేసి వెలుతురులో పెట్టి చదవడానికి ప్రయత్నించకండి. కొత్త కాగితం తీసుకుందామంటే మళ్ళీ ఇదే రాస్తానని భయంగా ఉంది.

చెల్లి

ఇంటి నుంచి,
సెప్టెంబరు 4

చెల్లికి,

నీ ఉత్తరం అందుకుని దేవుడి గదిలో చాలాసేపు కూర్చున్నాను. కోపం రాలేదు. నువ్వు కొట్టేసిన దాన్ని చదవలేదు. చదవక్కర్లేదు. నాకు పిల్లలు లేరు, నీ పిల్ల నా పక్కన పడుకుంటోంది. ఆ సంగతులతోనే నా చేత్తో నేనే ఉత్తరాలు నింపి నీకు పంపాను. నీ స్థానంలో నేనుంటే నాకు ఎలా ఉండేదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నీకు ధైర్యం చెప్పాలని మొదలుపెట్టి, ధైర్యం చెప్పే మాటలే ఏరి రాశాను. ఈసారి మీ పెద్ద మేడమ్ చెప్పినట్టు రాస్తాను. నిన్నంతా పిచ్చుకని చూశాను. చూసిందే రాస్తున్నాను.

బడి నుంచి వచ్చింది. చెప్పులు విప్పింది. సంచీ భుజం మీదే ఉంచుకుని మేడ ఎక్కింది. నేను ఆరేసిన బట్టలు తీసే నెపంతో వెనకాల వెళ్ళాను. మీ గది తలుపు తీసింది. లోపలికి వెళ్ళలేదు. గడప ఇవతల నిలబడింది. నీ బల్లమీద మూత పెట్టని పెన్ను ఉంది, నువ్వు వెళ్ళిన రోజు వదిలినట్టే. దాన్ని చూసింది, ముట్టుకోలేదు. తలుపు దగ్గరగా వేసి కిందికొచ్చి, "పెద్దమ్మా, ఆకలేస్తోంది" అంది. దానికి దిగులుగా ఉందని రాయబోయి ఆగాను. అది నేను అనుకున్నది.

సాయంత్రం నీ ఫోను వచ్చే వేళకి ముందే వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంది. మోగగానే నా కొంగు పట్టుకుంది. నీ గొంతు వినబడగానే కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుంది. "బాగున్నానమ్మా" అంది. ఫోను నా వైపు జరిపింది. పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. సబ్బు రాసుకోలేదు.

అది అలా ఎందుకు చేస్తోందో మాత్రం నేను ఊహించి చెప్పడం లేదు, నాకు తెలిసే చెప్తున్నాను. నీ రైలు కదిలాక దాన్ని దగ్గరికి తీసుకుని, "అమ్మ ఫోను చేస్తే ఏడవకు తల్లీ, ఎప్పుడొస్తావని అడగకు. నువ్వు ఏడిస్తే అమ్మ చదువు మానేసి వచ్చేస్తుంది" అన్నాను. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. మాట్లాడితే ఏడుపొస్తుందని అది మాట్లాడటమే మానేసింది. అడగొద్దన్నాను కాబట్టి అడగడం లేదు. వంకాయ తింటున్నది కూడా అందుకేనేమో. నేను దాన్ని బుద్ధిమంతురాలు అనుకుని మురిసిపోయాను.

బడి సంగతి నీకు సగమే రాశాను. టీచరు "మీ అమ్మాయి" అన్నప్పుడు నేను నవ్వి ఊరుకున్న మాట నిజమే. పిచ్చుక ఊరుకోలేదు. "ఈవిడ మా అమ్మ కాదండీ. మా అమ్మ సాలీళ్ళ మీద చదవడానికి వెళ్ళింది. ఈవిడ మా పెద్దమ్మ" అంది. వరసలో వాళ్ళందరికీ వినబడేంత గట్టిగా అంది. ఈ సగం నీకు ఎందుకు రాయలేదంటే, టీచరు ఆ మాట అన్నాక, పిల్ల నోరు తెరిచే లోపల, నాకు చాలా బాగుంది చెల్లీ. ఆ కాస్త నా దగ్గరే ఉంచుకుందామనుకున్నాను. దాని వల్ల నీకు ఇంత కష్టం కలుగుతుందని తెలిస్తే ఉంచుకునేదాన్ని కాదు.

నువ్వు వస్తానంటే రా. నీ ఇల్లు, నీ పిల్ల. కానీ నా ఉత్తరం చదివి వస్తే మాత్రం నేను దీపం ముందు తలెత్తలేను. ఈ శుక్రవారం మరిది, పిచ్చుక నీ దగ్గరికి వస్తున్నారు. మరిదితో, "షాపు రెండు రోజులు మూస్తే జనం మందుల్లేక పోతారా" అన్నాను. నా నోట ఆ మాట విని బిత్తరపోయి టిక్కెట్లు కొన్నాడు. దాన్ని కళ్ళారా చూసి అప్పుడు ఏం చేయాలో నువ్వే తేల్చుకో. నేను రావడం లేదు. మీ ముగ్గురూ ఉండండి.

అక్క

పరిశోధన కేంద్రం అతిథిగృహం,
సెప్టెంబరు 12

అక్కా,

ఈ ఉత్తరంలో నిన్ను "నువ్వు" అంటాను. కోప్పడకు. ఇన్నేళ్ళూ "మీరు, మీరు" అంటూ చాలా దూరం పెట్టేశాను.

స్టేషన్లో పిచ్చుక రైలు దిగింది. నన్ను చూసింది. నా దగ్గరికి వచ్చి, నా ముఖంలోకి చూసి, "అమ్మా, ఇప్పుడు ఏడవచ్చా?" అని అడిగింది.

ఏడవచ్చన్నాను. గది దాకా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ మరిది ఆటో అతనితో, "ఏం లేదు బాబూ, వీళ్ళిద్దరికీ ఎండ పడదు" అంటున్నాడు. తనకి ఇంకేం చెప్పాలో తోచక.

మరునాడు నాతోబాటు తెల్లవారకముందే లేచి తోటకి వచ్చింది. పెద్ద మేడమ్ తన స్టూలు దానికి ఇచ్చి కర్ర మీద ఆనుకుని నిలబడింది. "మీ అమ్మ బాగా చదువుతోందో లేదో చూసి రమ్మని పంపారా నిన్ను?" అంది. "కాదండీ, తింటోందో లేదో చూసి రమ్మంది పెద్దమ్మ" అంది పిచ్చుక. కాలు పోయిన సాలీడొకటి గూడు కడుతోంది. లేని కాలు వేయాల్సిన చోట కాస్త ఆగి, పక్క కాలు చాపి, దారం అంటించి ముందుకెళ్తోంది. పిచ్చుక, "అమ్మా, దానికి నొప్పిగా ఉందా?" అని అడిగింది. తెలియదన్నాను. "అది బాధపడుతోందా?" తెలియదన్నాను. "మరి ఇన్ని రోజుల నుంచీ కూర్చుని నీకు ఏం తెలిసింది?" అంది. పెద్ద మేడమ్ నవ్వి నవ్వి స్టూలు తిరిగి అడిగి కూర్చుంది.

నేను వెళ్ళిపోతానని సోమవారం ఆవిడతో చెప్పినప్పుడు, "సరే, వెళ్ళు. నీ పేజీలు ఇక్కడ వదిలి వెళ్ళు" అని మాత్రం అంది. ఎందుకన్నాను. "నువ్వు నెమ్మదిగా రాస్తావు. నెమ్మదిగా రాసేవాళ్ళు మధ్యలో ఊహించి నింపరు. ఇంకెవరికైనా పనికొస్తాయి" అంది. నేను అక్కర్లేదని ఆవిడ అనుకుంటోందని నేను అనుకున్నాను. అక్కడ నువ్వు నన్ను అక్కర్లేదంటున్నావని కూడా అనుకున్నాను. చూడు, నేర్చుకోవడానికి వచ్చిన పాఠం సాలీడు దగ్గర తప్ప ఇంకెక్కడా వాడలేదు.

ఉంటున్నాను అక్కా. చివరిదాకా ఉంటాను. నన్ను ఇక్కడ ఉండమంటావా అని అడిగితే పిచ్చుక ఏమందో తెలుసా? "ఉండు. కానీ ఫోనులో నేను ఏడుస్తాను, నువ్వు కంగారుపడకూడదు" అంది. ఒప్పందం చేసుకున్నాం.

కొట్టేసిన వాక్యానికి నన్ను క్షమించు. నువ్వు చదవలేదని తెలుసు. రాసిన చెయ్యి నాదే కదా.

ఒక్కటి అడుగుతాను. పిచ్చుకని చూసి రాశావు, అలాగే నిన్ను చూసుకుని రాయి. ఒకే ఇంట్లో ఉంటూ, రోజంతా నువ్వు ఏం చేస్తావో నేను ఒక్కరోజు కూడా చూడలేదు. పొద్దున్నే కాలేజీకి పరుగు, సాయంత్రం వచ్చేసరికి అన్నీ అమర్చి ఉండేవి. అమర్చిన మనిషిని చూడలేదు.

నీ
చెల్లి

ఇంటి నుంచి,
సెప్టెంబరు 27

చెల్లికి అక్క ఆశీస్సులు.

"నువ్వు" అన్నందుకు కోపమా? ఆ మాట మళ్ళీ మళ్ళీ చదువుకుని, అత్తయ్య పిలిస్తే పలకలేదని చివాట్లు తిన్నాను.

నా గురించి నేను రాయడం మాత్రం నా వల్ల కాలేదు. పొద్దున లేచినప్పటి నుంచి నన్ను నేను గమనించుకుందామని కూర్చున్నాను. పాలు పొంగిపోయాయి. "ఏం చూస్తున్నావే అలా, గోడ మీద సినిమా ఏమైనా వేస్తున్నారా?" అన్నారు అత్తయ్య. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను, నన్ను నేనే చూసుకుని రాయమని చెల్లి అందని. ఆవిడ, "రాయి. లేవగానే మోకాలు పట్టుకుంటుంది. ఎవరూ చూడటం లేదనుకుని గోడ ఆనుకుంటుంది. నడుం నొప్పి ఉంది, చెప్పదు. తన కంచంలో అందరికన్నా చివర అడుగంటింది వేసుకుంటుంది. రాశావా?" అన్నారు. నేను కలం కింద పెట్టి ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళలో ఆవిడ నా వైపు చూస్తున్నారని నాకు తెలియదు చెల్లీ. కాబట్టి ఈ కబురు అత్తయ్య చూసింది, నేను రాసింది.

మోకాలికి మరిది ఏదో మందు తెచ్చిపెట్టాడు. తగ్గింది.

పిచ్చుక ఇప్పుడు ఫోనులో ఏడుస్తోందని నీకు తెలుసు. నాకు ఆ ఏడుపు వింటే ప్రాణం లేచొస్తోంది. వంకాయ ముక్కలు మళ్ళీ కంచం పక్కకి చేరాయి. హోంవర్కు దగ్గర నాతో పోట్లాడింది. "అమ్మయితే ఇలా చెప్పదు" అంది. అలా అనగలిగే చనువు దానికి నా దగ్గర కుదిరినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

బాత్రూములో మూల కట్టిన గూడుని అత్తయ్య పనిమనిషిని దులపనివ్వడం లేదు. "ఉండనీవే. చిన్నకోడలు వచ్చి చూసి పేరు చెప్తుంది, ఆ తర్వాత దులుపుదువు గాని" అంటున్నారు. పాలబ్బాయికి కూడా మా కోడలు అంత చదువుకుందని చెప్తున్నారు. ముందు వేళాకోళం చేసింది ఈవిడేనా అనిపిస్తుంది.

మంచం పైకి ఎప్పుడు చేర్చాలో చెప్పు. ఈసారి నిన్ను అడిగే చేస్తాను.

అక్క

పరిశోధన కేంద్రం అతిథిగృహం,
అక్టోబరు 8

అక్కా,

ఇదే ఇక్కడి నుంచి ఆఖరి ఉత్తరం. ఉత్తరం కన్నా ముందు నేనే వచ్చేస్తానేమో.

నిన్న నా పని గురించి అందరి ముందు చెప్పాను. కుర్చీ ఇచ్చిన కుర్రాడు మొదటి వరసలో కూర్చుని ప్రతి మాటకీ తలూపాడు. కనిపెట్టింది పెద్దగా ఏమీ లేదు. కాలు లేని సాలీడు గూడు కాస్త వంకరగా ఉంటుంది, దానికి కావలసిన పని మాత్రం చేస్తుంది. ఇది నేను చూసింది, చూసినంతే చెప్పాను. పెద్ద మేడమ్ ప్రశ్నలు అడగలేదు. దిగి వస్తుంటే కర్రతో నా చెప్పు మీద చిన్నగా తట్టి, "మళ్ళీ ఎప్పుడు?" అంది. రావాలనుంది అక్కా. ఇంకో ఏడాదికో, రెండేళ్ళకో. నీతోనే ముందు చెప్తున్నాను.

ఈ పది వారాలు నాకు ఏమిచ్చాయని సామాను సర్దుతూ ఆలోచించాను. చదువు మళ్ళీ నాది అయింది. అంతకన్నా ఎక్కువగా, దూరం నుంచి మన ఇల్లు కనబడింది. నేను ఇక్కడ తెల్లవారకముందే లేచి నిశ్చింతగా స్టూలు మీద కూర్చున్నానంటే, అక్కడ అదే వేళకి ఇంకొకరు లేచి పొయ్యి వెలిగించడం వల్లే. ఈ ఫెలోషిప్ నాకు ఇచ్చింది కేంద్రంవాళ్ళు మాత్రమే కాదు.

మంచం ఉండనీ. వచ్చాక పిచ్చుకనే అడుగుదాం.

నీ
చెల్లి

ఇంటి నుంచి, కింది గది,
అక్టోబరు 22

చెల్లికి అక్క ఆశీస్సులు.

నువ్వు వచ్చి వారం దాటింది. మేడమీద నీ కుర్చీ జరిపిన చప్పుడు ఇప్పుడే వినబడింది. పిలిస్తే పలికే దూరంలో ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుగా ఉంటే నా నోట రాని మాట ఒకటి ఉంది. కాగితం మీదైతే వస్తోంది. ఆ అలవాటు నువ్వే చేశావు.

పిచ్చుకని అడిగితే అది తేల్చేసింది కదా, మంచం పైకి, పుస్తకాల బల్ల కిందే అని. "పడుకోవడం అమ్మ దగ్గర, లెక్కలు పెద్దమ్మ దగ్గర, తిట్లు నాన్నమ్మ దగ్గర" అని అది పంచి పెడుతుంటే అందరం నవ్వాం. మంచం మళ్ళీ మలుపులో ఇరుక్కుంటే ఈసారి నువ్వే ఒక చెయ్యి వేశావు. మంచం వెళ్ళిపోయాక గదిలో దాని నాలుగు కాళ్ళ గుర్తులు నేలమీద ఉండిపోయాయి. నాకు ఏడుపొస్తుందేమో అనుకుని కొంచెంసేపు అక్కడే నిలబడ్డాను. రాలేదు.

ఇప్పుడు ఆ మాట చెప్తాను.

పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాను. దీపం వెలిగించాక, అందరి క్షేమం చెప్పుకున్నాక, చివర ఒకటి అడిగేదాన్ని. ఏమిటో నీకు వేరే చెప్పక్కర్లేదు. డాక్టర్లు ఇక లాభం లేదన్నాక కూడా అడిగాను. వయసు దాటిపోయాక కూడా అడిగాను. అప్పటికి అది కోరిక కాదు, అలవాటు. అయినా మానలేకపోయాను. మానితే దేవుడి మీద నమ్మకం పోయినట్టవుతుందని భయం. మీ బావగారికి ఎప్పుడూ తెలియనివ్వలేదు. ఆయన ఎప్పుడో సర్దుకున్నారు. నేను ఇంకా అడుగుతున్నానని తెలిస్తే ఆయన బాధపడతారు.

నిన్న ఉదయం దీపం పెట్టాను. నీ పేరు చెప్పుకున్నాను, పిచ్చుక పేరు, మరిది పేరు, అత్తయ్య, మీ బావగారు. అందరూ అయ్యారు. చివర అడగబోతే ఆ మాట తడిమినా దొరకలేదు. ఎక్కడ పెట్టానా అని వెతుక్కున్నట్టు వెతుక్కున్నాను. నువ్వు రైలెక్కిన తర్వాత ఎప్పుడో, ఏ రోజునో, అడగడం మానేశాను. మానేశానని కూడా నాకు తెలియలేదు. ఆ వేళకి పిచ్చుక జడ వేయమని వచ్చి నిలబడేది. పేరు పేరునా అందరికీ చెప్పుకునేసరికి దానికి బడి వేళయ్యేది. అంత పెద్ద కోరిక ఆ హడావిడిలో నా చేతిలోంచి జారిపోయింది, నొప్పి కూడా తెలియకుండా.

ఇది నేను చూసిందే చెల్లీ, అనుకున్నది కాదు. నిన్నంతా నన్ను నేను తరచి చూసుకున్నాను. ఆ చోట దిగులు లేదు. ఖాళీగా కూడా లేదు. తేలిగ్గా ఉంది.

నువ్వు వెళ్ళకపోతే ఇది జరిగేది కాదు. నువ్వు కోపంతో ఆ ఉత్తరం రాయకపోయినా జరిగేది కాదు. మనం మెట్ల దగ్గర కూరగాయల సంగతి మాట్లాడుకుంటూ ఉండిపోయేవాళ్ళం. నీ చదువుకి ఇచ్చిన ఆ పది వారాల్లో నా వాటా ఇంత ఉందని ఆ పెద్ద మేడమ్‌కి తెలియదు. తెలిసినా ఆవిడ పేజీలో రాయనివ్వదు. అందుకే నీకు రాస్తున్నాను. మళ్ళీ పిలిస్తే నువ్వు వెళ్ళు. ఈసారి పిల్లని ఏడవనిస్తాను. నేనూ ఏడుస్తాను. వంట మాత్రం వేళకి అవుతుంది.

ఇవాళ దీపం పెట్టి చివర ఏమీ అడగలేదు. చేతులు జోడించి ఊరికే నిలబడ్డాను. చాలా ఏళ్ళ తర్వాత, తెలిసి తెలిసి నేను దేవుడికి అర్జీ పెట్టుకోని రోజు. ఆయనకీ కాస్త ఊరటగా ఉండి ఉంటుంది.

ఈ కాగితాలు పారెయ్యకు. నీ బల్ల సొరుగులో, నీ సాలీళ్ళ పేజీల కింద ఉంచుకో. మీ బావగారికి చూపించకు, నేను ఇన్నాళ్ళు అడిగానని ఆయనకి తెలియక్కర్లేదు. పిచ్చుకకి చూపించకు, తను ఏం చేసిందో దానికీ తెలియక్కర్లేదు. నీకు తెలిసింది, చాలు.

అక్క